గెడ్డపేట స్పానిష్ పాఠకులు

ఉత్తర్వు వచ్చిన రోజు సాయంత్రం ఇందుమతి మినప్పప్పు నానబొయ్యడం మరిచిపోయింది. పదిహేడేళ్ళ లైబ్రేరియన్ ఉద్యోగంలో ఎన్నో ఉత్తర్వులు చూసింది గానీ, ఏ ఉత్తర్వూ ఆమె వంటింటి దాకా వచ్చింది లేదు.

ఉత్తర్వు నాలుగు పేజీలు. మొదటి మూడింటిలోనూ పాత ఉత్తర్వుల నంబర్లూ తేదీలూ ఉన్నాయి. నాలుగో పేజీలో అసలు సంగతి ఉంది.

"స్పానిష్ భాష మాట్లాడు సముదాయములకు గ్రంథాలయ సేవలను అందుబాటులోనికి తెచ్చుటలో శాఖలన్నియు మిక్కిలి వెనుకబడియున్నట్లు గమనించడమైనది. ఈ ఉత్తర్వు అందిన ఏడు దినములలోగా ప్రతి శాఖ తన పరిధిలోని స్పానిష్ పాఠకుల వివరములను జతపరచిన నమూనాలో పంపవలెను."

ఇందుమతి రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివింది. ఆ తర్వాత అటెండరు సింహాద్రిని పిలిచి చూపించింది. యాభై ఎనిమిదేళ్ళ సింహాద్రి కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "ముద్ర మనోళ్ళదేనమ్మా" అన్నాడు.

గెడ్డపేట శాఖ అంటే పాత సంతబయలు పక్కన రెండు గదులు, ఒక వరండా, పదకొండు బీరువాలు. పొద్దున్న పేపర్లు చదివే మగవాళ్ళు వస్తారు. వాళ్ళు చదివేది తక్కువ, ప్రభుత్వాల్ని మార్చేది ఎక్కువ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఆడవాళ్ళ సమయం. వంటా భోజనాలూ అయి, పిల్లలు బడి నుంచి రాకముందు దొరికే ఆ రెండు గంటల కోసం ఇందుమతి నాలుగేళ్ళ కింద పెద్దాఫీసుతో తొమ్మిది ఉత్తరాల యుద్ధం చేసి గెలిచింది. టైలరు ఝాన్సీ, అంగన్‌వాడీ రమణమ్మ, ఇంకో ఇరవై మంది దాకా వస్తారు. అందరికంటే ముందు వచ్చేది ఇడ్లీల సన్యాసమ్మ. తెల్లారగట్ల నుంచి పదకొండింటి దాకా బస్టాండు ముందు ఇడ్లీలమ్మి, గిన్నెలు తోముకుని, స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని వచ్చేస్తుంది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. రాత్రిబడిలో నేర్చుకున్న చదువు. పేజీ మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, బీరువా తర్వాత బీరువా చదివేసింది.

ఆ శాఖలో అందరూ చదివిన నవల ఒకటుంది. మూడు సంపుటాలది. మొదటిదీ రెండోదీ ఉన్నాయి. రెండో సంపుటం చివర్లో సులోచన అనే ఆవిడ ఇంటి తాళాల గుత్తి అత్తగారి చేతిలో పెట్టి, గడప దాటి, వానలో తడుస్తూ బస్టాండులో నిలబడుతుంది. దూరంగా బస్సు దీపాలు కనిపిస్తాయి. అక్కడితో అయిపోతుంది. ఆవిడ బస్సెక్కిందా, వెనక్కి వెళ్ళిందా? అది మూడో సంపుటంలో ఉంది. మూడో సంపుటం గెడ్డపేటకి రాలేదు.

ఇందుమతి ఏటా ఏప్రిల్లో దానికోసం ఇండెంటు పంపేది. ఏటా జూన్‌లో ఒకటే జవాబు వచ్చేది: "తెలుగు గ్రంథముల కొనుగోలు పరిశీలనలో ఉన్నది." ఏడు ఇండెంట్లు, ఏడు జవాబులు ఆమె సొరుగులో ఒక దారంతో కట్టి ఉన్నాయి.

సన్యాసమ్మ మాత్రం రోజూ చెప్పులు విప్పుతూనే అడిగేది, "అమ్మా, ఆ యమ్మ బస్సెక్కినాదా?"

"ఇంకా తెలీదు సన్యాసమ్మా."

"ఏడేళ్ళయి వానలో నిలబడిపోనాదమ్మా పాపం. జలుబు సేస్తాది."

ఇలాంటి శాఖకి ఆ ఉత్తర్వు వచ్చింది.

మర్నాడు ఇందుమతి జిల్లా కేంద్రానికి ఫోన్ చేసింది. పెద్దాఫీసు కార్యదర్శి పరాంకుశంగారు మాట్లాడితే ఫోన్లో కూడా కాగితం చదువుతున్నట్టే ఉంటుంది.

"సార్, మా ఊళ్ళో స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరండి."

"లేరని మీరెలా నిర్ధారణకు వచ్చారు మేడం?"

"పదిహేడేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నానండి. ఒక్కరూ లైబ్రరీకి రాలేదు."

"అదే కదా మేడం సమస్య! పదిహేడేళ్ళలో ఒక్కరూ రాలేదంటే మన సేవలు వారికెంత దుర్లభంగా ఉన్నాయో ఆలోచించండి. నలుగురైదుగురు వచ్చి ఉంటే, పోనీ కొంతలో కొంత నయమనుకుందుము."

ఆయనే దయతలిచి వివరించాడు. రాజధానిలోని పెద్ద అధికారి ఒకరు పన్నెండు రోజులు విదేశాల్లో అధ్యయన యాత్ర చేశారు. అక్కడ ఒక పట్టణంలో స్పానిష్ వారికోసం గ్రంథాలయంలో చేసిన ఏర్పాట్లు చూసి ముగ్ధులై, అవన్నీ రాసి ఉన్న పుస్తకం వెంట తెచ్చుకున్నారు. దానికి 'ఉత్తమ ఆచరణ' అని పేరు.

"ఆ ఊళ్ళో స్పానిష్ వాళ్ళున్నారు కాబట్టి చేశారు కదండీ" అంది ఇందుమతి. "మాకిక్కడ ఇటుకబట్టీల దగ్గర రెండొందల ఒడియా కుటుంబాలున్నాయి. ఆ పిల్లలకి చదువుకోడానికి ఒక్క పుస్తకం లేదు. వాళ్ళకి చేద్దామండి."

"ఒడియా అని పుస్తకంలో లేదు మేడం."

"లేకపోతే మనం మార్చుకోవచ్చు కదండీ?"

ఆయన గొంతులో బాధ వినిపించింది. "యథాతథంగా అమలు చెయ్యమన్నారు మేడం. ఒక్క మాట మార్చినా అది ఉత్తమం కాకుండా పోతుంది" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

సరే, లెక్క పంపాలి కదా అని సింహాద్రిని ఇంటింటికీ పంపింది. సింహాద్రి నాలుగు రోజులు తిరిగాడు. గుమ్మంలో నిలబడి "మీ ఇంట్లో స్పానిష్ మాటాడేవోళ్ళు ఎవరైనా ఉన్నారేటండి?" అని అడిగాడు. కొందరు దోమల మందు కొట్టేవాడనుకుని లోపలికి రానిచ్చారు. కొందరు "ఉంటే ఏటిస్తారు?" అన్నారు. సేవలిస్తారని చెప్పాడు. "ఇస్తే మాత్తరం మా పేర్లు రాసీ బాబూ" అన్నారు. అలా ముప్పై ఏడు పేర్లు పోగయ్యాయి.

ఇందుమతి ఆ జాబితా మడిచి సొరుగులో పెట్టేసి, నమూనాలో సున్నా వేసి పంపబోయింది. కంప్యూటర్లో ఆ గడి ఎర్రబడింది. 'సరైన సంఖ్య నమోదు చేయుము' అంది. మళ్ళీ సున్నా వేసింది. మళ్ళీ ఎర్రబడింది. కాగితం మీద రాసి పోస్టులో పంపింది. "శూన్య నివేదికలు స్వీకరింపబడవు" అని అది తిరుగు టపాలో వచ్చేసింది.

ఆలోగా బోర్డులొచ్చాయి. ఆటోలో, గోనెపట్టా చుట్టి, పద్నాలుగు బోర్డులు. వాటితోపాటు మూడువందల నలభై స్పానిష్ పుస్తకాలు, కట్టలు కట్టి. స్పానిష్ పాఠకులను అయోమయపరచు ఇతర భాషా ఫలకములను తొలగించవలెనని వాటి వెంట ఒక చీటీ. సింహాద్రి స్టూలెక్కి 'నిశ్శబ్దము పాటించుము' పీకేసి దాని చోట 'సిలెన్సియో' కొట్టాడు. అది తలకిందులుగా కొట్టాడని పదకొండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. పేపర్లు చదివే మగవాళ్ళు మాత్రం నిశ్శబ్దం అన్న మాట గోడ మీద లేకపోయేసరికి గొంతులు పెంచారు.

పై నెలలో జిల్లా కేంద్రంలో సమీక్ష. ఇందుమతి పక్కన కూర్చున్న విశాలాక్షి వేరే శాఖ మనిషి, పాత స్నేహితురాలు. చెవిలో అడిగింది, "నువ్వెంతమందిని చూపించావే?"

"సున్నా."

"అయ్యో పిచ్చిదానా! నేను నూటనలభై రాశాను."

"ఎక్కణ్ణుంచి తెచ్చావే?"

"ఓటర్ల జాబితాలోంచి."

వేదిక మీద పరాంకుశంగారు లేచారు. జిల్లాలో రెండువేల మూడువందల పదహారు మంది స్పానిష్ వారున్నట్లు తేలిందని ప్రకటించారు. "ఇంతమంది మన మధ్యనే, మన వీధుల్లోనే, నోరు మెదపకుండా జీవిస్తూ వచ్చారు. ఇన్నేళ్ళూ వారికెంత అన్యాయం చేశాం! ఇదంతా మీరు వెలికితీశారు" అన్నారు. చప్పట్లు కొట్టారు. విశాలాక్షి కూడా కొట్టింది.

"అయితే" అన్నారాయన, "సేవలు ప్రారంభం కాగానే నకిలీ స్పానిష్ వారు చొరబడే ప్రమాదం ఉంది. కావున ప్రతి పాఠకుడూ తహసీల్దారు జారీ చేసిన స్పానిష్ ధ్రువీకరణ పత్రం సమర్పించవలెను. ఒక్క గెడ్డపేట శాఖ మాత్రం..." అని ఇందుమతి వైపు చూశారు. హాలంతా చూసింది. "ఒక్క పాఠకుణ్ణి కూడా గుర్తించలేకపోయింది. మార్చి ముప్పై ఒకటో తేదీలోగా ఇరవై మంది ధ్రువీకృత స్పానిష్ పాఠకులు లేనిచో, ఆ శాఖను మూసివేసి బీరువాలను ఇచ్చటకు తరలించడమగును."

ఇందుమతి లేచి నిలబడింది. "లేనివాళ్ళని ఎక్కణ్ణుంచి తేనండి సార్?"

"తొమ్మిదో నిబంధన చదవలేదా మేడం? సముదాయము లేనిచోట సముదాయమును పెంపొందించవలెను. మొక్కలు నాటే కార్యక్రమంలో ఏం చేశాం? చెట్లు లేనిచోటే కదా నాటాం!"

బస్సులో కూర్చుని వస్తూ ఇందుమతి ఇంకేమీ ఆలోచించలేదు. బీరువాలు లారీ ఎక్కుతుంటే చూడ్డం ఎలా అని మాత్రమే ఆలోచించింది. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఝాన్సీ మిషను ఆపి, రమణమ్మ పిల్లల్ని ఆయాకప్పగించి, చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, తాళం చూసి నిలబడిపోవడం తలుచుకుంది. దిగేసరికి నిశ్చయానికి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం సంగతంతా చెప్పింది. ముందు ఝాన్సీయే అంది, "నేర్చీసుకుందాం మేడం. అత్తారింటికొచ్చి వాళ్ళ కూరలు నేర్చుకోనేదా? ఇదీ అంతే. నా ఫోన్లో పాఠాలుంటాయి, ఊరికినే."

అలా మొదలైంది. ఝాన్సీ జాకెట్లకి హుక్కులు కుడుతూ నేర్చుకునేది, వచ్చి మిగతావాళ్ళకి చెప్పేది. 'బ్వేనస్ తార్దెస్' అంటే మధ్యాహ్నపు నమస్కారం. 'గ్రాసియాస్' అంటే ధన్యవాదాలు. అన్నిటికంటే పెద్ద వాక్యం 'దోందె ఎస్తా లా బిబ్లియోతేకా.' అంటే గ్రంథాలయం ఎక్కడుంది అని. గ్రంథాలయంలో కూర్చుని ఇరవై మంది గొంతెత్తి గ్రంథాలయం ఎక్కడుందని అడుగుతుంటే, గోడ అవతల సైకిలు షాపువాడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు.

ఇందుమతి ఇంట్లో కుక్కరు పక్కన నిలబడి ఉనో, దోస్, త్రేస్ అని అంకెలు వల్లించుకునేది. భర్త భాస్కరం పేపరు మడిచి, "పప్పు దించేశావా?" అంటే, "త్రేస్ అయ్యాయి. ఇంకో కూత రావాలి" అనేది. ఆయన మళ్ళీ పేపరు విప్పుకునేవాడు. పెళ్ళయి పాతికేళ్ళయిన మనిషి కనక ఇంకేమీ అడగలేదు.

సన్యాసమ్మ ఒక్కతే నేర్చుకోనంది.

"ఒక్క ముక్క సాలత్తా" అని రమణమ్మ బతిమాలింది. "బ్వేనస్ తార్దెస్. అనీ."

"నానననే. ఈ నోటితోనే యాభయ్యేళ్ళు ఇడ్లీలమ్మినాను. ఈ నోటితోనే అక్షరాలు దిద్దినాను. ఇప్పుడీ నోటికేటి తక్కువొచ్చినాది?"

"మరి లైబ్రరీ మూసేస్తారత్తా."

"మూసీడానికాళ్ళెవరే? మూడో బాగం తెచ్చినాక మూసుకోమను."

అయినా దరఖాస్తు మాత్రం ఇందుమతి ఆవిడ చేత కూడా పెట్టించింది. మొత్తం ఇరవై రెండు దరఖాస్తులు. అందులో ఇందుమతిదొకటి, సింహాద్రిదొకటి.

విచారణకి వీఆర్వో గౌరునాయుడు వచ్చాడు. స్పానిష్ వారికి వేరే నమూనా లేనందువల్ల కుల ధ్రువీకరణ నమూనాలోనే 'కులము' అన్నచోట గీతకొట్టి 'భాష' అని రాసుకున్నాడు. మిగతా ప్రశ్నలన్నీ అలాగే ఉన్నాయి.

"మీ తండ్రిగారు స్పానిషేనా?"

"ఆయన రైసుమిల్లులో పనిచేసీవోరండి" అంది ఝాన్సీ.

"మీ పూర్వీకులు ఎన్ని తరాలుగా స్పానిష్‌లో ఉన్నారు?"

"ఈ మాఘమాసం నుంచండి."

అదీ రాసుకున్నాడు. అసలు పరీక్ష ఆఖర్ని ఉంది. భాష మాట్లాడి చూపించాలి, ఇరుగుపొరుగు ఇద్దరు సాక్షి సంతకం పెట్టాలి. ఝాన్సీ గుక్కతిప్పుకోకుండా గ్రంథాలయం ఎక్కడుందని అడిగింది. గౌరునాయుడు 'స్పానిష్' అని రాసుకున్నాడు.

"స్పానిషేనని ఎలా తెలుస్తుందండీ మీకు?" అని ఇందుమతి ఉండబట్టలేక అడిగింది.

"అర్థం కాకపోతే స్పానిష్ అని రాసేస్తన్నానమ్మా. ఇంకేటి సేత్తాం?"

అది చాలా నికార్సైన పరీక్షే. ఎనిమిదో ఆవిడ కంగారులో నేర్చుకున్నదంతా మరిచిపోయి, పుట్టింటి ఒడియాలో ఏదో గొణిగింది. గౌరునాయుడు నాలుగేళ్ళు సరిహద్దు మండలంలో పనిచేసినవాడు. "అర్థమయిపోనాది తల్లీ" అని విచారంగా కొట్టేశాడు.

ఆఖర్న సన్యాసమ్మ వచ్చింది. రమణమ్మ వెనకనుంచి "బ్వే... బ్వే..." అని అందిస్తూనే ఉంది. సన్యాసమ్మ గౌరునాయుణ్ణి ఎగాదిగా చూసింది. రోజూ తన దగ్గర టిఫిను చేసే మనిషే.

"ఏటి నాయుడూ, పొద్దున్న రెండు ఇడ్లీలు పళ్ళెంలో ఒగ్గీసెల్లిపోనావు? కడుపులో బాగునేదా, ఇంటికాడ దెబ్బలాడినావా? పచ్చడి కూడా ముట్టనేదు. అల్లం నీకోసరమే ఎక్కువేసినాను. అన్నం మీద కోపం సూపించకూడదు బాబూ."

గౌరునాయుడు కలం దించాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్క ముక్క పోకండా అర్థమయినాది సన్యాసమ్మా. నానేటీ సెయ్యలేను" అన్నాడు.

ఇరవై పత్రాలు మార్చి ఇరవై ఎనిమిదిన వచ్చాయి. సరిగ్గా ఇరవై. శాఖ నిలబడింది. సన్యాసమ్మకి కూడా ఒక కాగితం వచ్చింది, గుండ్రటి ముద్రతో: "అర్జీదారు స్వచ్ఛమైన తెలుగు మాట్లాడుచున్నట్లు విచారణలో నిస్సందేహముగా రుజువైనందున, ఆమె అర్జీ తిరస్కరించడమైనది." ఆవిడ దాన్ని రేషన్ కార్డుతోపాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

ఏప్రిల్ ఒకటిన ఇంకో ఉత్తర్వు వచ్చింది. రెండు నుంచి నాలుగు దాకా స్పానిష్ సమయం. ధ్రువీకృత సముదాయమునకు కేటాయించిన ఆసనములను ఇతరులు ఆక్రమించరాదు.

ఆ మధ్యాహ్నం సన్యాసమ్మ తడి జుట్టు ముడేసుకుని మామూలుగానే వచ్చింది. సింహాద్రి గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అత్తా, ఈ టయంలో మరి... స్పానిషోళ్ళకే."

"లోనున్నదెవర్రా? నానెరగని స్పానిషోళ్ళా? అది ఝాన్సీ కాదేటి? నువ్వు ఇయ్యాల నా సేతి ఇడ్లీలు తిని రానేదేటి?"

"తిన్నానత్తా. ఆర్డరలాగుంది."

సన్యాసమ్మ వరండా మెట్టు మీద చెంగు పరుచుకుని కూర్చుంది. కిటికీలోంచి ఇందుమతికి ఆవిడ ముడి కనిపిస్తూనే ఉంది. శాఖని కాపాడానని ఇందుమతి నాలుగు రోజుల నుంచీ లోలోపల పొంగిపోతోంది. ఆ తడి ముడి చూసేసరికి ఆ పొంగంతా దిగిపోయింది. తొమ్మిది ఉత్తరాలు రాసి ఆ రెండు గంటలు ఎవరికోసం సంపాదించిందో, ఆ మనిషిని తన చేత్తోనే మెట్టు మీద కూర్చోబెట్టింది. పెద్దాఫీసుకి మినహాయింపు కోసం రాసింది. తెలుగువారికి మినహాయింపు ఇచ్చినచో అందరూ అడుగుదురు అని జవాబు.

"అమ్మా, ఆ యమ్మ బస్సెక్కినాదా?" అని మెట్టు మీంచి రోజూ వినిపించేది.

జూన్‌లో రాజధాని నుంచి ప్రత్యేక పరిశీలకులు వచ్చారు. చిదానందరావుగారు. అధ్యయన యాత్ర చేసింది స్వయంగా ఆయనే. పరాంకుశంగారు ఆయన వెనక ఫైలు ఎత్తుకుని నడిచారు. ఆయన లోపలికొస్తూనే రెండు చేతులూ చాచి "ఓలా!" అన్నారు.

"బ్వేనస్ తార్దెస్!" అని ఇరవై గొంతులు ఒక్కసారి అన్నాయి.

తర్వాత అందరూ ఊరుకున్నారు. ఆయనకి అంతకుమించి రాదు. వీళ్ళు ఆయన అనబోయేదాని కోసం చూస్తున్నారు. ఆ మౌనం మరీ సాగిపోతుంటే ఝాన్సీ ధైర్యం చేసి గ్రంథాలయం ఎక్కడుందని అడిగింది. ఆయన ఎంతో ఆదరంగా తలాడించారు. "తప్పకుండా, తప్పకుండా. పరిశీలిద్దాం" అన్నారు.

పరాంకుశంగారి వైపు వంగి, "వీరికి తెలుగు ఏమైనా తెలియునా?" అని అడిగారు.

"వచ్చండి" అంది ఝాన్సీ.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎంత చక్కగా పలికారు! విన్నారా పరాంకుశం? యాస కూడా మన ప్రాంతపుదే! ఎంతగా కలిసిపోయారు మనలో! అమ్మా, మొహమాటపడకండి. మీకు మా సేవల్లో ఏమన్నా లోటుందా? స్పానిష్ పుస్తకాలు పంపాం కదా?"

మూడువందల నలభై పుస్తకాలు కట్టలు విప్పకుండానే మూలనున్నాయి. వాటి మీద రమణమ్మ తన గొడుగు ఆరబెట్టింది. ఆ గొడుగు తీసుకుంటూ ఆమె నెమ్మదిగా అంది, "తెలుగు పుస్తకాల్లేవండి. కొత్తవి వచ్చి ఏడేళ్ళయిందండి. మూడో సంపుటం మరీని."

చిదానందరావుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "తెలుగు పుస్తకాలా! స్పానిష్ వారు! తెలుగువారే అడగని ఈ రోజుల్లో!"

ఇందుమతి చెయ్యి దానంతటదే సొరుగు దాకా వెళ్ళింది. ఏడు ఇండెంట్లూ అందులోనే ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే మెట్టు మీంచి గొంతు వినిపించింది. "మూడో బాగం ముందడిగింది నానండీ! ఏడేళ్ళ కాణ్ణుంచి అడుగుతన్నాను!"

"ఎవరామె?" అన్నారు పరిశీలకులు.

"తెలుగు మనిషి సార్" అన్నారు పరాంకుశంగారు తగ్గుస్వరంతో. "లబ్ధిదారు కాదు."

మూడు వారాలకి రెండు కట్టలు వచ్చాయి. 'స్పానిష్ మాట్లాడు సముదాయములకు తెలుగు గ్రంథముల సరఫరా' అని పైన చీటీ. సింహాద్రి కత్తిపీట తెచ్చి దారాలు కోశాడు. మొదటి కట్టలో పైనే మూడు సంపుటాల నవల ఉంది. మొదటిది, రెండోది. ఇందుమతి వాటి కిందకి చెయ్యి పోనిచ్చింది. మూడోది. బరువుగా, కొత్త కాగితం వాసనతో, పేజీలు ఒకదానికొకటి అంటుకుని.

దానితోపాటు ఉత్తర్వూ ఉంది. "తెలుగు గ్రంథములను స్పానిష్ పాఠకులకు నేరుగా ఇచ్చినచో అర్థము కాకపోవు ప్రమాదమున్నందున, తెలుగు భాషా పరిజ్ఞానము కలదని రెవెన్యూ శాఖచే రుజువు పొందిన ఒక పఠన సహాయకుని నియమించి, వారిచే మాత్రమే చదివించి వినిపించవలెను. అంతవరకు గ్రంథములను తెరవరాదు."

ఇందుమతి బి.ఏ. తెలుగు. ఆ మాట ఫోన్లో చెబితే, "మీరు స్పానిష్ కదా మేడం, మా దగ్గర పత్రం ఉంది" అన్నారు పరాంకుశంగారు. తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళింది. తెలుగు వచ్చినట్టు పత్రమివ్వడానికి తమ దగ్గర నమూనాయే లేదన్నారు. ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారు. రెండు రోజులు మూడో సంపుటం బల్ల మీద మూసే ఉంది. ఆడవాళ్ళందరూ దాని చుట్టూ కూర్చుని, అట్ట మీద బొమ్మ చూసి వెళ్ళిపోయారు. అట్ట మీద బస్సు బొమ్మ ఉంది. సులోచన దాని లోపలుందో బయటుందో తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం మెట్టు మీంచి మామూలుగానే, "అమ్మా, ఆ యమ్మ..." అని వినిపించింది.

ఇందుమతి గభాల్న లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి పరుగెత్తింది. "సన్యాసమ్మా! నీకొచ్చిన కాగితం! ముద్రున్న కాగితం! ఎక్కడుంది?"

సన్యాసమ్మ బొడ్డు దగ్గర సంచి తీసి, ప్లాస్టిక్ కవర్ విప్పి, రేషన్ కార్డు పక్కకి పెట్టి, కాగితం ఇచ్చింది. ఇందుమతి అక్కడే నిలబడి ఫోన్లో పరాంకుశంగారికి అక్షరం అక్షరం చదివి వినిపించింది.

"తహసీల్దారు ముద్ర ఉందా?"

"ఉందండి."

"రుజువైనందున, అనే ఉందా?"

"నిస్సందేహముగా, అని కూడా ఉందండి."

పరాంకుశంగారి గొంతులో గౌరవం వచ్చింది. "తెలుగు వచ్చునని ప్రభుత్వ రుజువున్నది జిల్లా మొత్తంలో ఈవిడ ఒక్కరికే మేడం. జాగ్రత్తగా చూసుకోండి."

సింహాద్రి గుమ్మం రెండో తలుపు కూడా తీశాడు. సన్యాసమ్మ కాళ్ళు కడుక్కుని, చెంగుతో చేతులు తుడుచుకుని లోపలికొచ్చింది. ఇందుమతి తన కుర్చీ ఆవిడకిచ్చి, తను బల్ల మీద రమణమ్మ పక్కన కూర్చుంది. ఆవిడ ముక్కు మీదకి కళ్ళజోడు దించుకుని, మూడో సంపుటం తెరిచి, మొదటి పేజీ మీద వేలు పెట్టింది. పెదాలు కదిలాయి. ఒక వాక్యం, ఇంకో వాక్యం. మొహంలోకి నవ్వులాంటిదేదో వచ్చింది. పైకి మాత్రం ఒక్క మాట రాలేదు.

"ఎక్కినాదా అత్తా?" అంది ఝాన్సీ.

సన్యాసమ్మ పేజీ తిప్పింది.

"సెప్పీ అత్తా, ఎక్కినాదా, నేదా?" అని రమణమ్మ. "గట్టిగా సదువు!" అని వెనకనుంచి ఇంకెవరో. ఇరవై మందీ ఒకేసారి మొదలుపెట్టారు. ఇందుమతి కూడా.

సన్యాసమ్మ కళ్ళజోడు మీంచి అందర్నీ ఒకసారి చూసింది.

"మీకు తెలుగు రాదు గదర్రా" అంది. "నోర్మూసుకుని ఇనండి."